యూరప్ బయట అనార్కిస్టు పద్ధతులు: నిర్ణయం ఎవరిది, పద్దు ఎవరి దగ్గర?

కాగడామల్లి అడిగిన ప్రశ్న

తెలుగులో అనార్కిజం (పై అధికారం లేకుండా జనమే కలిసి నడుపుకోవాలన్న ఆలోచన) మీద ఏం వెతికినా బకూనిన్, క్రొపోట్కిన్, 1936 నాటి స్పెయిన్ దగ్గరే బండి ఆగిపోతోంది. వచ్చే నెల మా స్టడీ సర్కిల్‌లో ఈ కాలపు ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా ఉద్యమాల మీద చర్చ పెట్టుకున్నాం. సిద్ధాంతం ఎంతో కొంత తెలుసు. నాకు కావలసింది పద్ధతి. పై అధికారి లేనప్పుడు నిర్ణయం ఎలా తీసుకుంటారు? డబ్బు ఎవరి చేతిలో ఉంటుంది? తగువు వస్తే తీర్చేదెవరు? అన్నిటికంటే ముఖ్యంగా, ఎక్కడ చెడుతుంది? సాధారణంగా రొజావా (ఉత్తర సిరియాలో కుర్దుల ప్రాంతం), జపాటిస్టాల (మెక్సికోలో ఆదివాసీ తిరుగుబాటుదారులు) పేర్లే వినిపిస్తాయి. అవి నిజంగా అనార్కిస్టు ఉద్యమాలేనా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా రాయండి. పొగడ్తలూ వద్దు, తిట్లూ వద్దు.

జొన్నచేను

మీరు రెండు పేర్లే రాశారు. నన్నడిగితే సూడాన్‌తో మొదలుపెట్టమంటాను. జెండా మీద 'అనార్కిజం' అని లేకపోయినా, ఆ పద్ధతిని ఇప్పుడు అంత పెద్ద ఎత్తున నడుపుతున్న చోటు ఇంకొకటి కనబడదు.

అక్కడి ప్రాథమిక అంగం పేట. పేటకో 'ప్రతిఘటన కమిటీ' ఉంటుంది, అరబ్బీలో లిజాన్ ముకావమ అంటారు. 2013 సెప్టెంబరు నిరసనల మీద కాల్పులు జరిగాక ఇవి చిన్నచిన్నగా మొదలయ్యాయి. 2018 డిసెంబరులో అత్బరాలో రొట్టె ధర మీద జనం రోడ్డెక్కాక దేశమంతా అల్లుకున్నాయి. 2019 ఏప్రిల్ 11న అధ్యక్షుడు బషీర్ దిగిపోయాడు. జూన్ 3న సైనిక కేంద్రం ముందున్న ధర్నా శిబిరాన్ని నెత్తుటిలో ముంచి, ఇంటర్నెట్ కట్ చేశారు. అయినా జూన్ 30న లక్షలాది జనం వీధుల్లోకి వచ్చారు. ఎలాగంటే, కబురు నెట్ మీద కాకుండా పేట నుంచి పేటకు మనిషి నోట, గోడరాతల్లో, కరపత్రాల్లో, ఎస్సెమ్మెస్‌లో నడిచింది. పక్కింటివాణ్ణి ముఖం చూసి గుర్తుపట్టే పరిధిలో కమిటీ ఉండటం వల్లే అది సాధ్యమైంది. ఒక నాయకుణ్ణి పట్టుకుపోతే ఆగిపోయే యంత్రం కాదది.

మొదటి తప్పు కూడా అక్కడే జరిగింది. వీధి కమిటీలది, చర్చల బల్ల పార్టీలది. 2019 ఆగస్టులో సైన్యంతో అధికార పంపిణీ ఒప్పందం మీద సంతకాలు చేసింది పార్టీల కూటమి. 2021 అక్టోబరు 25న సైన్యం ఆ ఒప్పందాన్ని చెత్తబుట్టలో వేసింది. ఆ తర్వాతే కమిటీలు 'చర్చల్లేవు, భాగస్వామ్యం లేదు, గుర్తింపు లేదు' అని మూడు 'లేదు'లు ప్రకటించాయి. 2022లో తమ ప్రణాళికను తామే రాసుకున్నాయి. ముసాయిదా పేటలకు వెళ్లి, సవరణలతో తిరిగొచ్చి, మళ్లీ పేటలకు వెళ్లేది. స్థానిక మండళ్లతో మొదలుపెట్టి శాసనసభను కింది నుంచి కట్టాలన్నది దాని సారం. పద్ధతి మంచిదే, కానీ నెలలు పట్టింది. సైన్యానికి అన్ని నెలలు అక్కర్లేదు కదా.

2023 ఏప్రిల్ 15న సైన్యానికీ, అర్ధసైనిక దళమైన ఆర్‌ఎస్‌ఎఫ్ బలగాలకూ మధ్య యుద్ధం మొదలయ్యాక ఈ కమిటీల మనుషులే చాలామంది 'అత్యవసర స్పందన గదులు' పెట్టారు. పేట గది, దాని మీద మండలం లాంటి 'మహల్లియా' స్థాయి గది, దాని మీద రాష్ట్ర సమన్వయం. ఖార్టూమ్ రాష్ట్రంలో అలాంటి మహల్లియాలు ఏడు. 'దాని మీద' అన్నాను గానీ, పైగది పని ఆజ్ఞలివ్వడం కాదు, డబ్బూ సమాచారమూ చేరవేయడం. పేటలో ఏం చేయాలో పేటే తేల్చుకుంటుంది. దీని వెనక 'నఫీర్' అనే పాత ఆచారం ఉంది: ఊళ్లో ఒకరి ఇల్లు కూలినా, కోత దగ్గరపడినా కేక వేస్తే అందరూ వచ్చి పని చేసిపెట్టడం. నాట్లప్పుడు మనవాళ్లు బదులు పనికి వెళ్తారే, దానికి దగ్గరిది. కాకపోతే బదులు లెక్క ఉండదు.

ఇక వంటశాల. 'తకియా' అంటారు, బహువచనం 'తకాయా'. సూఫీ మఠాల అన్నదానం నుంచి వచ్చిన మాట. వండేది మసూర్ పప్పు, 'ఫూల్' అనే పెద్ద చిక్కుడు గింజలు, 'అసీదా' అనే జొన్నపిండి సంకటి. ఇంటి నుంచి గిన్నె పట్టుకొచ్చి వంతులో నిలబడతారు. గింజలకు పొయ్యి ఎక్కువసేపు కావాలి, గ్యాస్ దొరకదు, కట్టెల మీద వండాలి. సరుకు తక్కువైన రోజు పప్పు పలచనవుతుంది, అంతే. మసూర్ పప్పుకు గింజలంత మంట అక్కర్లేదు కాబట్టి కట్టెలు తగ్గితే దానికి మళ్లుతారు.

డబ్బు సంగతి అడిగారు. అసలు కిటుకంతా అక్కడే ఉంది. గదికి రిజిస్ట్రేషన్ ఉండదు కాబట్టి గది పేరున బ్యాంకు ఖాతా ఉండదు. విదేశాల్లోని సూడానీలు పంపేదైనా, దాతల చిన్న గ్రాంటైనా ఎవరో ఒక వాలంటీరు సొంత ఖాతాలోకే, ఎక్కువగా 'బంకక్' అనే బ్యాంకు యాప్‌లోకి వస్తుంది. అందుకే ఖాతా ఉన్న మనిషి వేరు, సరుకు కొనే మనిషి వేరు, లెక్క రాసి పంపే మనిషి వేరు. రసీదు ఫోటో, గంగాళం ఫోటో, ఎంతమందికి వడ్డించారన్న అంకె గ్రూపులో పెడతారు. ముగ్గురూ ఒకరే అయిన గదిలో అనుమానం మొదలవుతుంది. దొంగతనం లేకపోయినా సరే, అనుమానమే గదిని కూల్చడానికి చాలు.

బయటి దెబ్బలు కూడా రాసుకోండి. యాప్‌లోని డబ్బును రొక్కం చేసుకోవాలంటే వ్యాపారి కమీషన్ కోసుకుంటాడు. సైన్యం 2024 చివర్లో తన ప్రాంతాల్లో కొత్త నోట్లు తెచ్చాక ఆర్‌ఎస్‌ఎఫ్ చేతిలోని చోట్ల రొక్కం ఇంకా కరువైంది. 2025 జనవరిలో అమెరికా సాయం నిలిపేయగానే వందలాది తకాయా మూతపడ్డాయి. ఇరుపక్షాలూ వాలంటీర్లను 'అవతలివాడి మనిషి' అని పట్టుకుపోయాయి. అదే 2025లో ఈ గదులకు నార్వే నుంచి రాఫ్టో బహుమతి, స్వీడన్ నుంచి రైట్ లైవ్‌లీహుడ్ అవార్డు వచ్చాయి. బహుమతితో పప్పు ఉడకదు గానీ, పేరు బయటికి రావడంవల్ల కొంత రక్షణ ఉంటుంది.

సూడాన్‌లో తమను అనార్కిస్టులమని చెప్పుకునేవాళ్లు గుప్పెడుమంది. కమిటీల్లో కమ్యూనిస్టులు, బాత్ పార్టీవాళ్లు, ఏ పార్టీ లేనివాళ్లు, నమాజు మానని వాళ్లు అందరూ ఉంటారు. పేరు చూసి వెతికితే ఈ ఉద్యమం మీకు దొరకదు.

మన్నెంగాలి

జొన్నచేను గారు చెప్పినదానికి కొనసాగింపుగా సిరియా. ఇక్కడ రెండు పాయలు ఉన్నాయి, చాలామంది కలిపేస్తారు.

మొదటిది ఒమర్ అజీజ్ ఆలోచన. డమాస్కస్‌కు చెందిన ఆర్థికవేత్త, అనార్కిస్టుగా పేరున్నవారు. 2011 చివర్లో స్థానిక మండళ్ల మీద ఒక చిన్న చర్చాపత్రం రాశారు. అందులో మెలిక ఇది: జనం పగలు ప్రభుత్వపు కాలంలో, సాయంత్రం విప్లవపు కాలంలో బతుకుతున్నారు. ఉదయం వెళ్లి కరెంటు బిల్లు కడతారు, రాత్రి ఊరేగింపులో నడుస్తారు. ఈ రెండు కాలాలు విడిగా ఉన్నంత వరకూ విప్లవం అలసిపోతుంది. కనుక తలదాచుకోవడానికి ఇల్లు, వైద్యం, అరెస్టయినవాళ్ల కుటుంబాల బాగోగులు మండలి చేతికి రావాలి. బర్జే, జబదానీ, దరయా లాంటి చోట్ల మండళ్లు ఈ ప్రేరణతో పుట్టాయి. ఆయన్ను 2012 నవంబరులో అరెస్టు చేశారు, 2013 ఫిబ్రవరిలో నిర్బంధంలోనే చనిపోయారు. దరయా మండలి మాత్రం ముట్టడిలోనూ ఆరు నెలలకోసారి ఎన్నిక జరుపుకుంటూ, సాయుధ దళాన్ని తన మాట కింద ఉంచుకుంటూ 2016 ఆగస్టులో ఊరు ఖాళీ చేసేదాకా నిలిచింది. తుపాకీ మండలి కింద ఉందా, మండలి తుపాకీ కింద ఉందా? సిరియాలో ఏ ఊరి గురించి చదివినా ముందు ఇది చూడండి.

రెండోది రొజావా. మీ ప్రశ్నకు సూటిగా జవాబు: అనార్కిస్టు ఉద్యమం కాదు, అనార్కిజం నుంచి అరువు తెచ్చుకున్న ఉద్యమం. దాని వెనకున్న టర్కీ కుర్దుల పార్టీ పీకేకే మొదట్లో కరడుగట్టిన లెనినిస్టు పార్టీ. 1999లో పట్టుబడ్డ దాని నాయకుడు అబ్దుల్లా ఒజలాన్ ఇమ్రాలీ దీవి జైల్లో, అనార్కిజం మీద రాసిన అమెరికన్ మరే బుక్చిన్‌ను చదివి, 2005లో 'ప్రజాస్వామ్య సమాఖ్యవాదం' ప్రకటించాడు. రాజ్యం వద్దు, కమ్యూన్ల సమాఖ్య చాలు అన్నాడు. ఆ మాటా పైనుంచి కిందికి వచ్చినదే కావడం చిత్రం.

ఏళ్లతరబడి పద్ధతి ఇలా నడిచింది. పల్లెలో ఊరంతా ఒక కమ్యూన్, పట్నంలో కొన్ని వీధులు కలిపి ఒకటి. ప్రతిదానికీ ఇద్దరు సహ అధ్యక్షులు, ఒక స్త్రీ, ఒక పురుషుడు. కమిటీల్లో స్త్రీలు కనీసం 40 శాతం. ఆర్థికం, ఆరోగ్యం, రక్షణ, రాజీ అని కమిటీలు. అప్పు తగాదా, పొలం గట్టు, ఆలుమగల గొడవ ముందు రాజీ కమిటీకే వెళ్తుంది. అది పెద్దమనుషుల పంచాయితీలా కనిపిస్తుంది గానీ ఒక తేడా ఉంది: కొట్టడం, బలవంతపు పెళ్లి లాంటివి 'మాలా జిన్' అనే స్త్రీల ఇంటికి వెళ్తాయి, అక్కడ తీర్పరులూ స్త్రీలే. మొదటి మాలా జిన్ 2011లో కామిష్లోలో తెరిచారు. రాజీ కుదరకపోతేనే కోర్టు.

చెడేది ఎక్కడంటే డీజిల్ దగ్గర. చలికాలపు డీజిల్, గ్యాస్ బండ, రాయితీ రొట్టె కమ్యూన్ జాబితా ద్వారానే పంచుతారు. జాబితా రాసేవాడి చేతిలో కమ్యూన్ ఉంటుంది. సమావేశానికి పది మంది వస్తారు, డీజిల్ వచ్చిన రోజు వీధి మొత్తం వస్తుంది. అంటే మన రేషన్ డీలరు దుకాణానికి సభ అని పేరు పెట్టినట్టు. చమురు బావుల ఆదాయం పైనున్న పాలనా యంత్రాంగానికి వచ్చేది, అక్కణ్నుంచి కిందికి దిగేది. డబ్బు దారీ నిర్ణయం దారీ ఎదురెదురుగా ఉన్నప్పుడు గెలిచేది డబ్బే. 2014 జులైలో నిర్బంధ సైనిక సేవ చట్టం చేశారు, అది వద్దన్నవాడికి కమ్యూన్‌లో వాదించే చోటే లేదు. అయినా స్త్రీల ఇళ్లు, ఇద్దరేసి అధ్యక్షుల ఏర్పాటు మాత్రం ఊళ్లలో నిజంగా వేళ్లూనాయి, అది కాదనలేం. పీకేకే 2025 మే నెలలో తనను తాను రద్దు చేసుకుంటున్నట్టు ప్రకటించింది. అంతకు ముందు మార్చిలో రొజావా సాయుధ కూటమి ఎస్‌డీఎఫ్ డమాస్కస్‌లోని కొత్త ప్రభుత్వంతో విలీన ఒప్పందం చేసుకుంది. కాబట్టి 2015 నాటి వ్యాసం చదివి 'ఇప్పుడు ఇలా ఉంది' అని సభలో చెప్పకండి.

పాతగడియారం

మన్నెంగాలి గారి 'డబ్బు దారి' మాట జపాటిస్టాలకు ఇంకా బాగా వర్తిస్తుంది. వాళ్లు దాన్ని గుర్తించి రెండుసార్లు ఇల్లు పడగొట్టి కట్టుకున్నారు.

1994 జనవరి 1న మెక్సికోలోని చియాపాస్‌లో లేచారు. 1996లో ఆదివాసీల హక్కుల మీద సాన్ ఆంద్రేస్ ఒప్పందం కుదిరింది, ప్రభుత్వం అమలు చేయలేదు. సరే, మనమే అమలు చేసుకుందామని 2003 ఆగస్టులో ఐదు 'కరాకోల్' కేంద్రాలు, వాటిలో 'మంచి ప్రభుత్వ' సభలు పెట్టారు. కరాకోల్ అంటే నత్త. సభ్యులకు జీతం ఉండేది కాదు. వారానికో, రెండు వారాలకో వంతు మారేది. ఆ రోజుల్లో వాళ్ల పొలం పని ఊరు చూసుకునేది. ఇలా తిప్పితే పని నేర్చుకునేలోపే వంతు అయిపోతుంది, బయటి నుంచి వచ్చినవాడు చెప్పిన విషయమే మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. అది తెలిసే చేశారు. పని నెమ్మదిస్తే నెమ్మదించనీ, పరిపాలన తెలిసినవాళ్లు నలుగురే ఉండకూడదని.

2003లోనే వాళ్ల ప్రతినిధి మార్కోస్ రాసిన ప్రకటనలో ఒక వస్తువు గురించి ఉంటుంది. అడవికి సాయంగా వచ్చిన పెట్టెలో ఒక గులాబీ రంగు ఎత్తుమడమ చెప్పు, ఆరున్నర సైజు, అదీ ఒకటే, జత లేదు. దాతలు తమకు అక్కర్లేనిది పంపుతారు, రోడ్డు పక్క ఊరికి అన్నీ చేరతాయి, లోపలి ఊరికి ఏదీ చేరదు. అందుకే ఒక ఊరికని వచ్చే సాయంలో 10 శాతం సభ పక్కకు తీసి, ఏమీ అందని ఊళ్లకు పంపాలని పెట్టారు. 'సోదర పన్ను' అనేవారు. మీ డబ్బు ప్రశ్నకు ఇంత సూటి జవాబు వేరే ఎక్కడా చూడలేదు.

2019 నాటికి కరాకోల్‌లు 12 అయ్యాయి. 2023 నవంబరులో స్వయంపాలిత మున్సిపాలిటీలనూ ఆ సభలనూ తామే రద్దు చేశారు. కారణం వాళ్ల మాటల్లోనే పిరమిడ్: పైనున్నవాళ్లు ఊరికి దూరమయ్యారు, కింది మాట పైకి చేరలేదు, పై లెక్క కిందికి రాలేదు. ఇప్పుడు ఆధారం ఊరు. ఊరికో స్థానిక ప్రభుత్వం, అది ఊరి సభకు జవాబుదారీ. కొన్ని ఊళ్లు కలిసి ఒక సమూహం, దానికి సొంత అధికారం లేదు, ఊళ్లు పిలిస్తేనే కలుస్తుంది. డజన్ల మున్సిపాలిటీల స్థానంలో వేలకొద్దీ ఊరి ప్రభుత్వాలు. ఇంకో మార్పు, కొంత భూమి ఎవరి పేరా లేకుండా 'ఉమ్మడి' అని ప్రకటించి, జపాటిస్టాలు కాని రైతులతో కూడా కలిసి దున్నుతున్నారు. పొరుగువాడితో పొలం తగాదా తగ్గించే ఎత్తు ఇది. ఈలోగా గ్వాటెమాలా సరిహద్దు దగ్గర మాదకద్రవ్యాల ముఠాల పోరు పెరిగింది, దానికి ఊరి సభ దగ్గర మందు లేదు.

వాళ్లను అనార్కిస్టులంటే ఒప్పుకోరు. మాయా ఊళ్ల సభ ఆచారం, పేదల పక్షం నిలిచే విముక్తి వేదాంత చర్చి, 80లలో అడవికి వెళ్లిన మార్క్సిస్టులు కలిసిన వంటకం అది. మనం అనార్కిజం పుస్తకంలో కలిపేసుకోవడం మన సౌకర్యం.

మాట గురించి ఒక చిన్న విషయం. తెలుగులో 'అరాచకం' అనగానే దౌర్జన్యం అన్న అర్థం వస్తుంది, పేపర్లు రోజూ 'అరాచక పాలన' అని రాస్తాయి. పాలన ఉంటే అరాచకం ఎలా అవుతుందో వాళ్లకే తెలియాలి. మూలం 'అరాజకం', రాజు లేకపోవడం. దశరథుడు పోయాక అయోధ్యకాండలో రాజు లేని దేశం ఎంత ఘోరమో ఏకరువు పెడతారు, ఆ భయం మన మాటలోనే గడ్డకట్టింది. చర్చకు 'అనార్కిజం' అనే పెట్టుకోండి, లేకపోతే మొదటి గంట ఈ మాట మీదే పోతుంది.

కాగడామల్లి

ముగ్గురికీ థాంక్స్ అండీ. రెండు సందేహాలు. ఆగ్నేయాసియాలో తమను తాము అనార్కిస్టులమని చెప్పుకునేవాళ్లు ఉన్నారు కదా, వాళ్ల సంగతి? ఏకాభిప్రాయం అంటే ఒక్కడు అడ్డం పడితే ఆగిపోదా?

మన్నెంగాలి

ఇండోనేషియాలో ఉన్నారు, ఎక్కువగా పంక్ సంగీతం దారిన వచ్చిన పట్నపు యువత. వీధిలో ఉచిత భోజనం, 'పసార్ గ్రాటిస్' అనే ఉచిత సంత వాళ్ల నిత్య పని. 2019 మే డే నాడు బాండుంగ్‌లో నల్లదుస్తులవాళ్లను 600 మందికి పైగా పట్టుకుని గుండు కొట్టించారు. కళ్లకు కనబడేలా ఒకే రంగు వేసుకుంటే పోలీసుల పని సులువవుతుంది.

ఫిలిప్పీన్స్‌ది ఇంకో రకం. 2021 ఏప్రిల్ 14న కేజోన్ సిటీ మగిన్హావా వీధిలో ఒక వెదురు బండి మీద కూరగాయలు, బియ్యం, డబ్బాలు పెట్టి, 'ఇవ్వగలిగినంత ఇవ్వండి, అవసరమైనంత తీసుకోండి' అని అట్టముక్క తగిలించారు. కాపలా లేదు, పేరు రాసుకోలేదు. వారంలో దేశమంతా వందల బండ్లు వెలిశాయి. దాన్ని చూసి కమ్యూనిస్టు కుట్ర అని ముద్ర వేశారు, పోలీసులు నిర్వాహకుల వివరాలు అడగడంతో మొదటి బండి 20న ఒకరోజు ఆపేశారు. బయటి దెబ్బ అది. లోపలి దెబ్బ మూడు రోజుల తర్వాత: ఒక సినీనటి తన పుట్టినరోజుకు ఇలాంటిదే పెడుతున్నానని ప్రకటిస్తే జనం విరగబడి, వరుసలో నిలబడ్డ ఒక పెద్దాయన ప్రాణం పోయింది. బండి చిన్నదిగా, వీధికొకటిగా ఉన్నంతవరకే ఈ పద్ధతి పనిచేస్తుంది. పేరున్న మనిషి పిలిచిన చోట అది దానం అవుతుంది, దానం దగ్గర తొక్కిసలాట ఉంటుంది.

పాతగడియారం

ఏకాభిప్రాయానికి చియాపాస్ దాకా వెళ్లక్కర్లేదు. తెలంగాణకు ఆనుకునే ఉన్న గడ్చిరోలి జిల్లాలో లేఖా-మేంఢా చూడండి, గోండుల ఊరు. అనార్కిస్టులు కారు, సర్వోదయం నీడ ఎక్కువ. 'ఢిల్లీ, ముంబైలో మా ప్రభుత్వం, మా ఊళ్లో మేమే ప్రభుత్వం' అన్నది వాళ్ల నినాదం. గ్రామసభలో ఓటింగ్ ఉండదు. ఎవరైనా కాదంటే ఆ విషయం వాయిదా పడుతుంది. తేడా ఏంటంటే వాయిదా పడ్డాక ఊరుకోరు, విడిగా 'అభ్యాస్ గట్' అనే చదువు బృందంలో దాన్ని తవ్వుతారు. ఆ బృందానికి నిర్ణయించే అధికారం లేదు, సభకు చదివే తీరిక లేదు. కాదన్నవాడి అభ్యంతరం సమాచారం లేకపోవడం వల్ల వచ్చిందైతే అక్కడ కరిగిపోతుంది, అసలైన అభ్యంతరమైతే ప్రతిపాదనే మారుతుంది. 2009లో సుమారు 1,800 హెక్టార్ల అడవి మీద సామూహిక హక్కు పత్రం తెచ్చుకున్నారు. చేతిలో పత్రం ఉన్నా వెదురు బయటికి పంపే రవాణా పాసు అటవీ శాఖ ఇవ్వలేదు. 2011 ఏప్రిల్ 27న పాసు పుస్తకమే గ్రామసభ చేతికొచ్చింది. హక్కు కంటే పాసు పుస్తకం కోసం పట్టిన తగాదానే పెద్దది.

ఆగిపోయే ప్రమాదం నిజమే, కానీ అది తొందర పనుల్లో. వెదురు ఎప్పుడు కొట్టాలన్నది నెల ఆగుతుంది. గంగాళం కింద మంట ఆగదు.

జొన్నచేను

అందుకే సూడాన్ గదుల్లో రెండూ విడదీస్తారు. రోజువారీ వంట, కొనుగోలు ఆ రోజు వంతు ఉన్నవాళ్లు తేల్చేస్తారు. కొత్త గ్రాంటు తీసుకోవాలా, సాయుధులతో దారి కోసం మాట్లాడాలా లాంటివి అందరి ముందుకు వస్తాయి. 2024 ఫిబ్రవరిలో దేశమంతా నెట్ పోయినప్పుడు ఈ విభజనే కాపాడింది. బంకక్ ఆగింది, పైగదితో మాట లేదు. దుకాణాల్లో అరువు దొరికిన పేటలో వంట నడిచింది, దొరకని పేటలో ఆగింది. తర్వాత స్టార్‌లింక్ డిష్ ఉన్న చోట గంటకింత అని కట్టి, ఫోన్ తెరిచి, వచ్చిన డబ్బు చూసుకుని అరువు తీర్చేవాళ్లు. మీ సర్కిల్‌లో ఎవరైనా 'యాప్ లేకపోతే ఈ ఉద్యమమే లేదు' అంటే, ఆ ఫిబ్రవరిలో పప్పు అరువిచ్చిన దుకాణదారు ఏ యాప్‌లో ఉన్నాడో అడగండి.